చల్లనీళ్లు తగిలాక నొప్పి ఎంతసేపు ఉంది?

శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని మన కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు చలి ముదిరిందంటే దంతవైద్యుడిగా నాకు రోజూ వినిపించే మాట ఒకటే. “పళ్లు జివ్వుమంటున్నాయి బాబూ!” తెల్లారి ట్యాంకు నీళ్లు పుక్కిలిస్తే చాలు, ప్రాణం పోయినట్టు ఉంటుంది.

భయపడకండి. చాలామందికి ఇది చిన్న ఇబ్బందే. పంటి మీది ఎనామిల్ అనే గట్టి పొర అరిగినా, చిగురు పంటి మీంచి జారినా లోపలి డెంటిన్ అనే పొర బయటపడుతుంది. అందులో కంటికి కనబడనంత సన్నని గొట్టాలు ఉంటాయి. చలికి వాటిలోని ద్రవం కదులుతుంది, అది నరానికి తెలుస్తుంది. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దేవాళ్లకు ఇది ఎక్కువ. ఇక మన వైపు గుడాకుతో పళ్లు తోమే అలవాటు ఉంది. అది పొగాకేనమ్మా. పళ్లకూ చిగుళ్లకూ చేటు, నోటి క్యాన్సర్‌కూ దారి. దయచేసి మానండి.

ఈరోజు మీరు ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. చల్లనీళ్లు తగిలాక నొప్పి ఎంతసేపు ఉంది? నీళ్లు మింగగానే, రెండు మూడు సెకన్లలో పోయిందా? అయితే మెత్తని బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, మర్నాటికే తగ్గదు. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, పిప్పి ఏమైనా ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. నీళ్లు మింగేశాక కూడా 30 సెకన్లు, నిమిషం, ఇంకా ఎక్కువసేపు సలుపుతూనే ఉందా? అప్పుడు సంగతి వేరు, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

జయపురంలో టిఫిన్ హోటల్ నడిపే ఒక పెద్దమ్మ కథ చెబుతాను. కార్తీకంలో ఆవిడకు కింది దవడ పన్ను ఒకటి జివ్వుమనేది, వెంటనే పోయేది. మార్గశిరం వచ్చేసరికి నొప్పి నిలబడటం మొదలైంది. తర్వాత వేడి టీ పడేది కాదు. తాగితే పోటు, నోట్లో చల్లనీళ్లు పట్టుకుంటే కాస్త ఉపశమనం. రాత్రి పడుకుంటే ఆ పోటు చెవి దాకా పాకేది. ఏమీ తినకుండానే, ఏమీ తాగకుండానే నిద్రలోంచి లేపేసేది. లవంగం నూనె పెట్టుకుంది, మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంది. కొన్నాళ్లకు ఓ పొద్దున లేచేసరికి నొప్పి లేదు. “తగ్గిపోనాది” అని ఇంట్లో అందరికీ చెప్పింది.

తగ్గలేదు. పంటి లోపలి నరం చచ్చిపోయింది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు, కానీ లోపల క్రిములు పని చేస్తూనే ఉంటాయి. సంక్రాంతికి అరిసె కొరికింది, మర్నాటికి దవడ వాచింది. నా దగ్గరకు వచ్చి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “నరం తీసేస్తే కంటిచూపు పోద్దంట కదా బాబూ?”

లేదమ్మా, పోదు. పంటి నరానికీ కంటిచూపుకూ సంబంధం లేదు. ముందు చీము బయటికి పంపాం. వాపు తగ్గాక మత్తు సూది ఇచ్చి, పంటి వేళ్లలోని కాలువలు శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే పదార్థంతో నింపి మూసేశాం. తర్వాత పన్ను విరగకుండా పైన క్యాప్ వేశాం. రూట్ కెనాల్ అంటే ఇంతే. ఆ పంటితోనే ఆవిడ ఇప్పుడు జంతికలు నములుతోంది. నాకు బాధ కలిగించేది ఒక్కటే. మార్గశిరంలోనే వచ్చి ఉంటే ఆ వాపు, ఆ రాత్రులు ఆవిడకు ఉండేవి కావు. వాపు వచ్చాక మత్తు కూడా సరిగా పట్టదు.

యాంటీబయాటిక్ మాత్రలు లోపలి నరాన్ని బాగుచేయలేవు. దయచేసి సొంతంగా కొనుక్కుని మింగకండి. వాపు మెడ వైపో, కంటి వైపో పాకినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి.

మిగతావాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు నాలుగు సంగతులు చెప్పండి. ఏ పన్ను, చలికా వేడికా, ఎంతసేపు, రాత్రి నిద్ర లేపుతోందా. షుగరు, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు ఉంటే అవీ చెప్పాలి. ఓర్చుకోగలిగితే వెళ్లే ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. చల్లదనం తగిలించి చూసినప్పుడు ఏ పన్నో మాకు సరిగా తెలియాలి. నమస్కారం.