అడిగే యాప్స్, అడగని యాప్స్

నమస్కారం అండీ. కొత్త యాప్ ఏదైనా వేసుకుని ఓపెన్ చేయగానే పాప్‌అప్‌లు వరసపెట్టి వస్తాయి కదా, లొకేషన్ ఇస్తారా, కాంటాక్ట్స్ చూడొచ్చా, మైక్ వాడుకోవచ్చా అని. చాలామంది చదవకుండానే అలౌ నొక్కేస్తారు, ముందు పని కానివ్వమని. అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఆ పాప్‌అప్‌లో ఏం రాయాలి, ఏ యాప్ దాన్ని చూపించాలి, ఏది చూపించక్కర్లేదు అనేది ఎవరు తేలుస్తున్నారో మనం పెద్దగా పట్టించుకోం. ఇవాళ దాని గురించే మాట్లాడదాం.

ఒకప్పుడు అసలు అడగడమే నామమాత్రం. ఆండ్రాయిడ్‌లో యాప్ వేసుకునేటప్పుడే పెద్ద లిస్టు చూపించేవాళ్లు, అన్నిటికీ ఒప్పుకుంటే వేసుకో, లేదంటే మానేయ్, అంతే. 2013లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక టార్చ్‌లైట్ యాప్ మీద కేసు పెట్టింది, ఫోన్‌లో లైటు వెలిగించడం తప్ప వేరే పని లేని ఆ యాప్ మనం ఎక్కడున్నామో ప్రకటనల కంపెనీలకి చేరవేస్తోందని, పైగా మనం ఒప్పుకుంటాం, ఒప్పుకోం అని నొక్కేలోపే డేటా వెళ్లిపోతోందని తేలింది. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక ఒక్కో పర్మిషన్‌నీ విడివిడిగా, అవసరమైనప్పుడు అడగడం మొదలైంది, తర్వాత యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే, ఈ ఒక్కసారికే అనే ఆప్షన్లూ వచ్చాయి. మంచిదే.

అసలు పేచీ 2021లో మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఐఫోన్‌లని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో యాపిల్ ఒక రూల్ పెట్టింది, ఏ యాప్ అయినా వేరే కంపెనీల యాప్స్‌లో, వెబ్‌సైట్లలో మనం ఏం చేస్తున్నామో ట్రాక్ చేయాలంటే ముందు మనల్ని అడగాల్సిందే, వద్దంటే ప్రకటనల ఐడీ, అంటే ప్రకటనల కంపెనీలు మన ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు, ఆ యాప్‌కి దొరకదు. జనం చాలామంది వద్దనే నొక్కారు. దీనివల్ల 2022లో సుమారు వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం పోవచ్చని ఫేస్‌బుక్ నడిపే మెటా లెక్కేసింది. వాళ్ల మీద నాకైతే జాలేం లేదు లెండి.

కానీ ఇక్కడ తిరకాసు ఉంది. ట్రాకింగ్ అంటే ఏంటో నిర్వచించింది కూడా యాపిలే. వేరే కంపెనీల డేటాతో కలిపితేనే ట్రాకింగ్ అట, తన సొంత స్టోర్‌లో, తన సొంత సర్వీసుల్లో మనం ఏం కొన్నామో ఏం చదివామో చూసి ప్రకటనలు వేస్తే అది ట్రాకింగ్ కిందకి రాదట. దాంతో ఆ భయపెట్టే పాప్‌అప్ యాపిల్ యాప్స్‌లో రానే రాదు, వాళ్లకి ఉన్నది వేరే స్క్రీన్, అందులో మీకు నచ్చే ప్రకటనలు చూపిస్తాం, మీ ప్రైవసీ కాపాడతాం అని మెత్తగా ఉంటుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టు. మేం మిగతావాళ్లలా డేటా కలపట్లేదు, రూల్ అందరికీ ఒకటే అని యాపిల్ వాదన. కొంతవరకు నిజమే, కానీ ఆ గీత ఎక్కడ గీస్తే తనకి ఇబ్బంది రాదో సరిగ్గా అక్కడే గీసుకుందని నాకనిపిస్తుంది.

2025 మార్చిలో ఫ్రాన్స్‌లో కాంపిటీషన్ వ్యవహారాలు చూసే సంస్థ దీనిమీద యాపిల్‌కి 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. ప్రైవసీ కాపాడాలన్న ఉద్దేశాన్ని వాళ్లు తప్పనలేదు, అమలు చేసిన తీరునే తప్పన్నారు. బయటి యాప్స్‌లో మనం వద్దంటే ఒక్కసారి చెబితే చాలు, సరే అనాలంటే మాత్రం యాపిల్ పాప్‌అప్‌లో ఒకసారి, ప్రైవసీ చట్టం కోసం ఆ యాప్ వాళ్లు పెట్టుకునే పాప్‌అప్‌లో ఇంకోసారి చెప్పాలి, యాపిల్ సొంత యాప్స్‌కి ఒక్కసారితో సరి. ఎక్కువ దెబ్బ తగిలేది చిన్న యాప్స్ వాళ్లకేనని కూడా చెప్పారు, పెద్ద కంపెనీలకి సొంత డేటానే బోలెడుంటుంది, వీళ్లకి బయటి డేటా లేకపోతే ప్రకటనల డబ్బులు రావు.

మరి ఆండ్రాయిడ్ వాళ్ల సంగతేంటి అంటారేమో. అక్కడ ప్రకటనల ఐడీ గురించి ఇలా యాప్ యాప్‌కీ అడగరు, మనమే సెట్టింగ్స్‌లో యాడ్స్ దగ్గరికెళ్లి డిలీట్ చేసుకోవాలి, ఎంతమంది వెళ్తారు చెప్పండి? ఫోన్‌తోపాటే వచ్చే యాప్స్ ఇంకో కథ, వాటిలో కొన్నిటికి పర్మిషన్లు ముందే ఇచ్చేసి ఉంటాయి, మనం ఏ పాప్‌అప్‌లోనూ అలౌ నొక్కి ఉండం.

బయటి యాప్‌ని ఏ మాటల్లో అడగమన్నారో అవే మాటల్లో కంపెనీ సొంత యాప్ కూడా అడగాలి, నేను కోరేది అంతే. వీలైతే మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి, లొకేషన్ నొక్కి, పైన మూడు చుక్కల దగ్గర షో సిస్టమ్ అని ఉంటుంది చూడండి, అది నొక్కితే అప్పటిదాకా కనపడని పేర్లు చాలానే బయటికొస్తాయి.