దవడ పాడైతే కాలు ఎందుకు కోస్తారు?

"చెయ్యి విరిగితే ప్లేటేసి పంపిస్తారు, దవడకి మాత్రం కాలు కోసి రోజంతా ఆపరేషనా, అంతా బిల్లు కోసమే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చాక, ముఖ్యంగా డోసు 60 గ్రే (రేడియేషన్ కొలత) దాటిన చోట, కొందరికి దవడ ఎముక చచ్చుబడుతుంది. పేరు ఆస్టియోరేడియోనెక్రోసిస్. నెలలకో ఏళ్లకో, చాలాసార్లు ఓ పన్ను పీకించాక మొదలవుతుంది: ఆ గుంట మానదు, చిగురు తొలగి పసుపు రంగు ఎముక బయటపడుతుంది, నాలుకకి గరుగ్గా తగులుతుంది.

ఎముకని చివరి ఆయకట్టు పొలం అనుకోండి, రక్తనాళాల్ని కాలువలు అనుకోండి. పై దవడకి కాలువలు బోలెడు, కింది దవడకి లోపల పారే పెద్ద కాలువ ఒక్కటే, రేడియేషన్ దాన్నీ పూడ్చేస్తుంది. చచ్చిన ఎముక తీసేసి అక్కడ ఉత్త ప్లేటేస్తే గట్టు నిలబడుతుంది అంతే, పంట రాదు, పైగా పల్చబడ్డ చర్మాన్ని చీల్చుకుని ఆ ప్లేటే బయటికొస్తుంది. తుంటి నుంచి ఎముక ముక్కలు తెచ్చి పెట్టారా, ఎండిన మడిలో విత్తనాలు చల్లినట్టే.

అందుకని పొలాన్నే కాలువతో సహా తేవాలి. మోకాలి కింద బయటివైపు సన్నటి ఎముక ఉంటుంది, ఫిబులా. బరువు మోసేది ప్రధానంగా దాని పక్కది కాబట్టి చీలమండ దగ్గర 6-7 సెంటీమీటర్లు, మోకాలి దగ్గర కొంత వదిలి మధ్యలోది ధమని, సిర, కాస్త చర్మంతో కలిపి తీసుకోవచ్చు. న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో దీన్ని దవడకి వాడిన పద్ధతి ప్రచురించాడు. తిన్నటి ఎముకని రెండు మూడు చోట్ల కోసి దవడ వంపు తెస్తారు, పైపొర మాత్రం తెగనివ్వరు, ముక్కలకి నీళ్లు పారేది దాంట్లోంచే.

అసలు తలనొప్పి మెడలో. కాలి నుంచి తెచ్చిన నాళాల్ని కలపాల్సిన అక్కడి పెద్ద కాలువలకీ రేడియేషన్ తగిలే ఉంటుంది, ఒక్కోసారి రెండో పక్క మెడ దాకా వెతుక్కోవాలి. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలు, మైక్రోస్కోప్ కింద వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుట్టు. కుట్టేటప్పుడు రక్తం ఆపడానికి పెట్టిన క్లిప్పు తీయగానే కొత్త ఎముక అంచున రక్తం ఊరిందా, టెన్షన్ సగం తీరినట్టే.

టైమ్ అయిపోతోంది, చకచకా చెప్పేస్తా. మొదటి రెండు మూడు రోజులు గంటగంటకీ కాలి నుంచి తెచ్చిన ఆ చర్మం రంగు చూస్తారు, నీలంగా మారితే మళ్లీ థియేటర్‌కే. పళ్లు ఇంప్లాంట్లతో (ఎముకలో బిగించే మరలు), అదీ నెలల తర్వాత. అందరికీ ఇంత పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, తొలిదశలో మందులు, శుభ్రం చేయడంతో సరిపోవచ్చు. పీకించాల్సిన పళ్లుంటే రేడియేషన్‌కి రెండు మూడు వారాల ముందే పీకించుకోండి. తర్వాత పంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎప్పుడు, ఎక్కడ, ఎంత డోసు ఇచ్చారో ఆ కాగితం పట్టుకెళ్లండి.