రాముడి విల్లు విరగకుండా పార్సిల్ చేద్దాం రండి

అందరికీ నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నా. కొలువు బొమ్మలు కొరియర్లో పంపేటప్పుడు దూది పెట్టొచ్చా అని ప్రొద్దుటూరు అక్క ఒకామె అడిగింది. వద్దక్కా.

ఈ రాముణ్ణి చూడండి. మట్టి బొమ్మ, 4 అంగుళాలు. ఒళ్లంతా గట్టిదే, విల్లు మాత్రం అగ్గిపుల్లంత. దూది పోగులు వేళ్ల సందుల్లో, విల్లు కొసకు చిక్కుకుంటాయి. అవతలోళ్లు లాగుతానే పుటుక్కుమంటుంది.

రెండేళ్ల కింద ఇట్లాంటి బొమ్మకే బబుల్ షీటు నాలుగు చుట్లు బిగించి హైదరాబాదుకు పంపినా. పెట్టెకు ఒక్క సొట్ట లేదు, లోపల విల్లు రెండు ముక్కలు. దారిలో విరగలేదది, నేను బిగించిన బిగువుకే విరిగింది. ఆ ఫోటో చూసి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

అప్పటి నుంచి నేను బొమ్మను నడుము దగ్గర, పీఠం దగ్గర మాత్రమే పట్టిస్తా. ఇదిగో, స్పాంజిలో ఆ రెండు చోట్లా సరిగ్గా పట్టేటట్టు గాడి కోసినా. విల్లు వైపు మాత్రం వేలు దూరేంత ఖాళీ. దానికి ఏదీ తగలకూడదు, మెత్తటిదైనా సరే.

గాడిలో పెట్టే ముందు బటర్ పేపర్ ఒక్క చుట్టు, వదులుగా. బబుల్ షీటు రంగుకు నేరుగా తగలనియ్యొద్దు. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన వ్యాన్లో ఇంకా ఎక్కువ. రంగు మెత్తబడి బుడగల అచ్చులు పడతాయి. రంగేసినాక వారమన్నా ఆరనీయండి.

ఇంగ పెట్టెలో పెట్టె, అంటే స్పాంజి ఉన్న చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టేది. కుండల బండిలో వరిగడ్డి పరిచేది ఎందుకు? కుదుపు గడ్డే మింగాలని. ఇక్కడ ఆ పని నలిపిన పేపర్‌ది, చుట్టూ 2 అంగుళాలు. అంతకు మించి వద్దు. శానా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 20, 20 పెట్టెకు 2.4 కిలోల ఛార్జీ పడుతుంది, లోపల అర కిలో లేకున్నా.

మూసినాక చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. కాస్త కదిలినట్టున్నా విప్పి మళ్లీ పేపర్ కుక్కాల్సిందే.

టేపు చివర అర అంగుళం ఇట్లా మడిచిపెట్టండి, పట్టుకుని లాగేదానికి. పైన స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి: "కత్తి పెట్టొద్దు, ఇక్కడ లాగండి. బొమ్మను పీఠం పట్టుకుని తీయండి."