వీపీ హాల్లో బళ్ళారి ప్లీడర్లు

శ్రోతలకు నమస్కారం.

చెన్నై సెంట్రల్లో రైలు దిగి బయటికొస్తే పూనమల్లి హైరోడ్డు పక్కన తెల్లటి రిప్పన్ బిల్డింగ్ కనబడుతుంది. దాని పక్కనే ఎర్ర ఇటుకల కట్టడం ఒకటుంది. నాలుగు పలకల బురుజు, దానిమీద కేరళ ఇళ్ళకుండే ఏటవాలు కప్పు. చదువుకునే రోజుల్లో ఎన్నిసార్లో దాని ముందునుంచే వెళ్ళాను. ఏదో పాత కోర్టు కాబోలనుకునేవాణ్ణి. ప్లీడర్ల సంగతి వరకూ నా ఊహ మరీ తప్పేం కాదు, చెప్తాను.

అది విక్టోరియా పబ్లిక్ హాలు. ఊళ్ళో అందరికీ వీపీ హాలు. మద్రాసుకొక టౌన్ హాలు కావాలని పెద్దలు చందాలు పోగుచేస్తే, 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసింది ఎవరనుకున్నారు? మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. గురజాడ కన్యాశుల్కాన్ని అంకితం పుచ్చుకున్న ఆనంద గజపతే. నాటకశాలకి రాయి వెయ్యడానికి అంతకంటే తగిన చెయ్యి దొరకదు. నమూనా గీసింది చిజం దొర. కట్టించింది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు వింటేనే తెలిసిపోతోంది కదా!

ఆ హాల్లో వివేకానందుడు ప్రసంగించాడు. మద్రాసు జనం తెరమీద కదిలే బొమ్మల్ని మొట్టమొదట చూసిన చోట్లలో అదొకటి. అవన్నీ ఇంకోసారి చెప్పుకుందాం. ఇవాళ నేను చెప్పదలిచింది 1891లో జరిగిన ముచ్చట.

ఆ ఏడాది బళ్ళారి నుంచి ఒక నాటక సమాజం మద్రాసు వచ్చింది. పేరు సరస వినోదిని సభ. నడిపేది ధర్మవరం రామకృష్ణమాచార్యులు, వృత్తికి ప్లీడరు. పగలు కోర్టులో వాదన, రాత్రి స్టేజీ మీద పద్యం. ఆయన సమాజంలో వేషాలు కట్టినవాళ్ళు కూడా పొట్టకూటికి ఆడేవాళ్ళు కారు, చదువుకున్న గృహస్థులు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఇందులోనే ఉంది.

ఆచార్యుల వారు తెలుగు నాటకంలో పద్యం పక్కన పాటకీ చోటిచ్చినవాడు. ఇంకో సాహసమూ చేశాడు. సారంగధరుడి కథ మీకు తెలుసు. సవతి తల్లి చిత్రాంగి నింద వేస్తుంది, తండ్రి కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. మనం విన్న కథలో ఒక సిద్ధుడొచ్చి అవి మళ్ళీ మొలిపిస్తాడు, అందరూ తేలిగ్గా ఇంటికెళ్తారు. ఈ బళ్ళారి ప్లీడరు ఆ తేలిక మిగల్చలేదు. సారంగధరుణ్ణి చనిపోనిచ్చాడు, పేరులోనే ‘విషాద సారంగధర’ అని ముందే చెప్పేశాడు. నాటకం మంగళంగా ముగియాలని శాస్త్రం చెప్పే దేశంలో చిన్న తెగువ కాదది.

బళ్ళారి వాళ్ళు వీపీ హాల్లో తెలుగు నాటకాలాడుతుంటే చూడ్డానికొచ్చిన వాళ్ళలో ఒక తమిళ కుర్రాడున్నాడు. పద్దెనిమిదేళ్ళవాడు, పేరు పమ్మల్ సంబంధ ముదలియార్. అప్పటిదాకా అతనికి తమిళ నాటకమంటే ఏవగింపు. ఆడేవాళ్ళని ‘కూత్తాడి’ అని ఈసడించే కాలం. అలాంటిది, నల్లకోటు వేసుకునే వకీళ్ళు రంగు పూసుకుని, సిగ్గుపడకుండా, అంత శ్రద్ధగా ఆడుతున్నారు! ‘మనమెందుకు ఆడకూడదు?’ అనిపించింది. ఆ ఏడు జులై 1న నేస్తాలతో కలిసి సుగుణ విలాస సభ పెట్టేశాడు. తర్వాత తానూ లాయరై, జడ్జీ కూడా అయ్యాడు. తొంభైకి పైగా నాటకాలు రాశాడు. ‘ఆధునిక తమిళ నాటక పితామహుడు’ అంటారు తమిళులు. మనవాళ్ళు ఆచార్యుల వారికిచ్చిన బిరుదు ‘ఆంధ్ర నాటక పితామహుడు’. ఒక పితామహుణ్ణి చూసి ఇంకో పితామహుడు పుట్టాడన్నమాట.

ఆ సంగతి సంబంధ ముదలియార్ దాచుకోలేదు. తన నాటకరంగ జ్ఞాపకాల్లో బళ్ళారి ఆచార్యుల్ని తలుచుకుని రాశాడు. నేను చదివింది ఆ తమిళ పుస్తకంలోనే. తెలుగులో ఈ ముచ్చట ఎవరైనా ఇష్టంగా చెప్పుకుంటుంటే వినాలని నాకు చాలా ఆశ.

సుగుణ విలాస సభకి వీపీ హాలే చాలాకాలం ఇల్లయింది. తమిళంతో పాటు తెలుగు నాటకాలూ ఆడింది. వకీళ్ళు, ఉద్యోగస్తులు, కాలేజీ కుర్రాళ్ళు మూతికి మీసం తీసేసి ఆడవేషాలు కట్టేవారు. సత్యమూర్తి లాంటి కాంగ్రెస్ నాయకుడు కూడా ఆ సభలో నటించినవాడే.

తెలుగు వేషాలకి వచ్చినవాళ్ళలో బళ్ళారి రాఘవ ఉన్నాడు. ఆయనా లాయరే, మద్రాసులోనే లా చదివాడు. ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. మేనమామ సమాజంలో మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవాళ్ళు. మేనల్లుడు మాత్రం ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో ఆ మాట అన్నందుకు ఎన్ని మాటలు పడి ఉంటాడో.

సభ తర్వాత మౌంట్ రోడ్డుకి మారింది. సినిమా వచ్చాక హాల్లో జనం పల్చబడ్డారు. పావురాలు చేరాయి, గోడలు బీటలిచ్చాయి, గేటుకి తాళం పడింది. ఈమధ్య కార్పొరేషన్ వాళ్ళు మరమ్మతులకి పూనుకున్నారు. ఈసారి సెంట్రల్లో దిగినప్పుడు ఆటో ఎక్కే ముందు ఒక్క నిమిషం ఆ ఎర్ర గోడవైపు తలెత్తి చూడండి. మన ప్లీడర్లు వేషం కట్టింది ఆ గోడల మధ్యనే.

సెలవు.