పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతున్నారు?

అందరికీ నమస్కారం. పిలిచినవారికి, శనివారం సాయంత్రం వదులుకుని వచ్చిన మీకు కృతజ్ఞతలు. మూడు భాగాలుగా మాట్లాడదామని కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, పేరు ఇచ్చి దానికి కట్టిన వస్తువును తెచ్చుకునే జావా నేమింగ్ లుకప్‌లను మాక్ చేయడం, అంటే టెస్టులో అసలు దాని బదులు నకిలీని పెట్టడం. రెండు, సంస్థ ఉద్యోగుల వివరాలు దాచే డైరెక్టరీ లుకప్‌లు. మూడు, బయటి నుంచి వచ్చిన పేరును నమ్మి వెతికితే ఏమవుతుందన్నది. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జే లోపం బయటపడ్డప్పుడు ఈ మూడోది ప్రపంచమంతా చూసింది.

మొదటిది. ప్రోగ్రామ్ 'జావా కోలన్ కాంప్ స్లాష్ ఎన్వ్ స్లాష్ జేడీబీసీ స్లాష్ పేరోల్' అని అడుగుతుంది. సర్వర్, అంటే టామ్‌క్యాటో వెబ్‌లాజిక్కో ఆ పేరుకు కట్టి ఉంచిన, డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చే డేటాసోర్స్‌ను చేతికిస్తుంది. యూనిట్ టెస్టులో సర్వర్ ఉండదు కాబట్టి మొదటి లుకప్ దగ్గరే 'నో ఇనిషియల్ కాంటెక్స్ట్' ఎక్సెప్షన్ పడుతుంది. దీనికి అందరూ చేసే పని ఒకటే. ఒక హాష్‌మ్యాప్ వెనక పెట్టుకుని పేర్లకు జవాబిచ్చే సొంత కాంటెక్స్ట్ ఫ్యాక్టరీ రాస్తారు, 'జావా డాట్ నేమింగ్ డాట్ ఫ్యాక్టరీ డాట్ ఇనిషియల్' ప్రాపర్టీలో దాని క్లాసు పేరు ఇస్తారు. టెస్టు పచ్చగా నడుస్తుంది.

కొన్నాళ్లకు అదే జేవీఎంలో, అంటే నడుస్తున్న అదే జావా ప్రాసెస్‌లో, మరెవరో నేమింగ్ ఆన్ చేసి ఎంబెడెడ్ టామ్‌క్యాట్‌ను లేపే టెస్టు రాస్తారు. అక్కడి నుంచి మీ టెస్టు ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు పడిపోతుంది. కారణం వినండి. పేరులో కోలన్ ముందు 'జావా' వంటి స్కీమ్ కనిపిస్తే ఇనిషియల్ కాంటెక్స్ట్ ముందుగా ఆ స్కీమ్‌కు ప్రత్యేకమైన యూఆర్ఎల్ కాంటెక్స్ట్ కోసం వెతుకుతుంది. అది దొరకనప్పుడే మీ ఫ్యాక్టరీ దగ్గరికి వస్తుంది. టామ్‌క్యాట్ తన ప్యాకేజీ పేరును సిస్టమ్ ప్రాపర్టీలో చేర్చి వెళ్లింది కాబట్టి ఇప్పుడు దొరుకుతుంది. మీ హాష్‌మ్యాప్ వైపు ఎవరూ చూడరు.

దీనికి మందు ఉంది. నేమింగ్ మేనేజర్‌లో ఫ్యాక్టరీ బిల్డర్‌ను అమర్చితే స్కీమ్ ఉన్న పేర్లు కూడా మీ దగ్గరికే వస్తాయి. కానీ జేవీఎం మొత్తానికి దాన్ని ఒక్కసారే అమర్చగలం. రెండోసారి పిలిస్తే 'ఇల్లీగల్ స్టేట్' ఎక్సెప్షన్. తీసేయడానికి మెథడ్ కూడా లేదు. విడివిడిగా నెగ్గిన రెండు టెస్టు క్లాసులు కలిపి నడిపితే పడిపోయేది ఇందుకే. కాబట్టి బిల్డర్‌ను ఒకే ఒక్క చోట అమర్చండి, ప్రతి టెస్టు తర్వాత లోపలి మ్యాప్‌ను ఖాళీ చేయండి. అది కుదరకపోతే మేవెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్‌లో 'రీయూజ్ ఫోర్క్స్' ఫాల్స్ పెట్టి ఒక్కో క్లాసుకు ఒక్కో జేవీఎం ఇవ్వండి. సమయం పెరుగుతుంది, ఫలితం నమ్మవచ్చు. మాక్‌లు తయారుచేసే మోకిటో లైబ్రరీతో కన్‌స్ట్రక్టర్‌ను మాక్ చేస్తామంటారా, అది ఆ థ్రెడ్ వరకే పనిచేస్తుంది. కోడ్ ఎగ్జిక్యూటర్‌లోకి, అంటే వేరే థ్రెడ్‌లోకి, వెళ్లి అక్కడ లుకప్ చేస్తే అసలు ఇనిషియల్ కాంటెక్స్టే పలుకుతుంది.

ఇంత శ్రమ ఎందుకు వస్తోందో ఒక్కసారి ఆలోచించండి. లుకప్‌ను నలభై క్లాసుల్లో చల్లడం వల్ల. స్టాటిక్ బ్లాకులో ఒకసారి వెతికి దాచుకునే సర్వీస్ లొకేటర్ వల్ల. మొదటి టెస్టు ఇచ్చిన డేటాసోర్స్ పదో టెస్టుకూ తగులుకుని ఉంటుంది. డేటాసోర్స్‌ను కన్‌స్ట్రక్టర్ ద్వారా తీసుకోండి. లుకప్ అంతా ఇరవై లైన్ల ఒక్క క్లాసులో ఉంచండి. అప్పుడు నేమింగ్‌ను మాక్ చేయాల్సింది ఆ ఒక్క క్లాసుకే.

ఇక డైరెక్టరీ. ఇక్కడ నాకు కోపం ఉంది, దాచుకోను. డైరెక్టరీ కాంటెక్స్ట్‌ను మాక్ చేసి, 'ఏ ఫిల్టర్ ఇచ్చినా ఈ ఉద్యోగిని తిరిగి ఇవ్వు' అని రాస్తారు. ఫిల్టర్‌లో, అంటే వెతికే షరతులో, బ్రాకెట్ తప్పినా టెస్టు నెగ్గుతుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, టెస్టు పేరు మాత్రం 'లాగిన్ సరిగ్గా పనిచేస్తోంది'.

లాగిన్ అన్నాను కాబట్టి అడుగుతున్నాను. మీ లాగిన్ కోడ్‌కు ఖాళీ పాస్‌వర్డ్ ఇచ్చి చూసినవాళ్లు చేతులెత్తండి. డైరెక్టరీతో మాట్లాడే ప్రోటోకాల్ అయిన ఎల్‌డాప్‌లో పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే అది తప్పు పాస్‌వర్డ్ కాదు, అసలు గుర్తింపు అడగని బైండ్, అంటే డైరెక్టరీలోకి లాగిన్. 2006 నాటి ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 4513 దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. జావా వైపు కూడా ఖాళీ పాస్‌వర్డ్ ఇస్తే గుర్తింపు పద్ధతి 'ఏదీ లేదు'గా మారిపోతుంది. దాన్ని ఒప్పుకునే సర్వర్ ఎదురైతే ఎక్సెప్షన్ రాదు. 'ఎక్సెప్షన్ రాలేదు కాబట్టి లోపలికి పంపు' అని రాసిన కోడ్ దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. మాక్‌తో రాసిన టెస్టు దీన్ని ఎన్నటికీ పట్టుకోదు, ఎందుకంటే మాక్ మనం చెప్పిన మాటే తిరిగి చెబుతుంది. దయచేసి సోమవారం పొద్దున్నే మూడు టెస్టులు రాయండి: నల్, ఖాళీ స్ట్రింగ్, నాలుగు స్పేసులు. ఆ మూడోది మరవద్దు. ఖాళీయా అని చూశాక ట్రిమ్ చేసే కోడ్ అక్కడే దొరికిపోతుంది. ఇక్కడ సర్వర్ సర్వర్‌కూ జవాబు మారుతుంది కాబట్టి మాక్‌ను సరైన పనికి వాడండి: ఈ మూడు సందర్భాల్లో కనెక్షన్ ప్రయత్నమే జరగలేదని ధ్రువీకరించండి.

మిగతావాటికి మాక్ వద్దు, మెమరీలో నడిచే నిజమైన ఎల్‌డాప్ సర్వర్ పెట్టుకోండి. అన్‌బౌండ్‌ఐడీ లైబ్రరీలో ఉంది. బేస్ డీఎన్, అంటే డైరెక్టరీ చెట్టు మొదలు పేరు, ఇవ్వండి, పోర్టు సున్నా అడగండి, దొరికిన పోర్టు నంబరు తీసుకోండి, ఎంట్రీలు రాసిన ఎల్‌డిఫ్ ఫైలు ఎక్కించండి. ఆ ఫైలులో మన పేర్లు పెట్టండి. 'రాములు ఎస్ స్లాష్ ఓ వెంకయ్య' అని ఒక సీఎన్, అంటే వ్యక్తి పేరు, ఉండాలి. డీఎన్‌ను, అంటే ఎంట్రీ పూర్తి పేరును, స్ట్రింగ్‌గా ఇస్తే జావా ఆ స్లాష్ దగ్గర పేరును రెండు ముక్కలు చేస్తుంది. ఎల్‌డాప్‌నేమ్ ఆబ్జెక్టుగా ఇస్తే చేయదు. హాష్‌మ్యాప్ మాక్‌కు ఈ తేడా తెలియదు.

ఇంకొకటి. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ఒక వెతుకులాటకు 1,000 ఎంట్రీలే ఇస్తుంది. దాటితే వచ్చే ఎక్సెప్షన్ సెర్చ్ దగ్గర రాదు, ఫలితాల మీద తిరుగుతూ 'హ్యాజ్‌మోర్' పిలిచినప్పుడు వస్తుంది. దాని బదులు 'హ్యాజ్‌మోర్‌ ఎలిమెంట్స్' వాడితే ఎక్సెప్షన్‌ను మింగి 'అయిపోయింది' అంటుంది. వెయ్యిన్నొకటో ఉద్యోగి జీతాల జాబితాలో ఉండడు, లాగ్‌లో ఒక్క అక్షరం ఉండదు. ఎక్సెప్షన్‌ను మాక్ చేసేవాళ్లు దాన్ని సెర్చ్ మీద కాదు, హ్యాజ్‌మోర్ మీద పెట్టండి.

మూడో భాగానికి సమయం లేదని నిర్వాహకులు చెయ్యి ఊపుతున్నారు. సరే, టైమౌట్ సంగతి చెప్పి దిగిపోతాను. రీడ్ టైమౌట్ ఇవ్వకపోతే ఎల్‌డాప్ క్లయింట్ జవాబు కోసం అలాగే కూర్చుంటుంది. కనెక్షన్ తీసుకుని మౌనంగా ఉండే ఒక సర్వర్‌సాకెట్‌ను టెస్టులో తెరవండి, ప్రాపర్టీలో '3000' అని మిల్లీసెకన్లు ఇవ్వండి, ఐదు సెకన్లలోపు ఎక్సెప్షన్ రాకపోతే టెస్టు పడిపోయేలా రాయండి. ప్రశ్నలుంటే అడగండి.