సరిగ్గా ఐదున్నర గంటల తేడా: నెల రోజులు వాడాక యాంటీ స్పైవేర్ రివ్యూ

నమస్తే అండీ. స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ యాంటీ స్పైవేర్‌ని, అంటే మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి సమాచారం లాగేసే ప్రోగ్రాముల్ని పట్టే సాఫ్ట్‌వేర్‌ని, కంపెనీ వాళ్లే నాకు ఫ్రీగా ఇచ్చారు. మూడు కంప్యూటర్లకు ఏడాది లైసెన్స్. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. ఫీచర్లు, రేటు మీరు ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి మళ్లీ చదవను.

స్కానింగ్ బాగుంది. వీడియో డౌన్‌లోడర్ పేరుతో నా బ్రౌజర్‌లో చేరి, ఏం వెతికినా వేరే సెర్చ్ పేజీకి తీసుకెళ్తున్న ఎక్స్‌టెన్షన్‌ని, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ని, మొదటి రోజే పట్టేసింది. రెండు వారాలు నిజంగా సంతోషంగా వాడాను. తర్వాత ఒక చిన్న అప్‌డేట్ వచ్చింది.

మేముండేది బెంగళూరు మారతహళ్లి దగ్గర, మున్నెకొళాలలో. మా వీధి చివర కడప అక్క ఒకావిడ కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆవిడ బిల్లింగ్ కంప్యూటర్‌లోనే బ్యాంకు లాగిన్ కూడా చేస్తుంది. అందుకే రెండో లైసెన్స్ ఆ కంప్యూటర్‌కే వేశాను. మధ్యాహ్నం 3 గంటలకు షట్టర్ సగం దించి అందరూ అన్నాలు తింటారు కదా, రోజూ ఫుల్ స్కాన్ ఆ టైమ్‌కి పెట్టాను.

ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఫోన్. "తమ్ముడూ, బిల్లు రావట్లేదు, జనం నిలబడుకోని ఉండారు, ఒకసారి రా నాయనా" అంది. పరుగెత్తాను. పప్పు, గోంగూర ప్యాకెట్లు కట్టి కౌంటర్ మీద వరసగా పెట్టి ఉన్నాయి. ప్రింటర్ లైట్ వెలుగుతోంది కానీ కాగితం కదలట్లేదు. పాత హార్డ్ డిస్క్ గర్‌మని ఒకటే మోత. ఆ పీక్ టైమ్‌లో ఫుల్ స్కాన్ నడుస్తోంది! అక్క చేత్తో లెక్క రాసుకుంటూ డబ్బులు తీసుకుంటోంది.

మర్నాడు కూడా అంతే, అదే 8:30కి. యాప్ తెరిస్తే షెడ్యూల్ మధ్యాహ్నం 3:00 అనే ఉంది. మూడు ఎక్కడ, ఎనిమిదిన్నర ఎక్కడ? లెక్కేసి చూడండి. సరిగ్గా ఐదున్నర గంటలు. మన టైమ్‌కీ, ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే ప్రామాణిక టైమ్ యూటీసీకీ ఉన్న తేడా అదే.

విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ అని ఒకటి ఉంటుంది, చెప్పిన టైమ్‌కి పనులు నడిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ స్కాన్ టైమ్‌ని దానికే అప్పగిస్తుంది. అందులో ఈ టాస్క్ తెరిచి ట్రిగ్గర్స్ ట్యాబ్‌లోకి వెళ్తే టైమ్ రాత్రి 8:30 అని ఉంది, పక్కన 'సింక్రనైజ్ అక్రాస్ టైమ్ జోన్స్' అనే చోట టిక్ ఉంది. ఆ టిక్ ఉంటే టైమ్‌ని యూటీసీ లెక్కలో రాసుకుంటుంది. అంటే అప్‌డేట్ తర్వాత యాప్ మన మూడు గంటలను యూటీసీ మూడు గంటలుగా రాసేసింది. టిక్ తీసి, టైమ్ మార్చాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఇంకో చిన్న అప్‌డేట్ వచ్చింది, టాస్క్‌ని మళ్లీ మొదటి నుంచి రాసింది, మళ్లీ 8:30!

నా లాప్‌టాప్‌లో గొడవ వేరు. రాత్రి ఛార్జర్ తీసేసి పడుకోవడం నాకు అలవాటు. టాస్క్ షెడ్యూలర్ కండిషన్స్‌లో కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు అనే టిక్ మామూలుగానే ఉంటుంది. ఈ యాప్ దాన్ని అలాగే వదిలేసింది, అందుకే ఛార్జర్ లేనప్పుడు స్కాన్ మొదలే కాలేదు. టైమ్ తప్పిపోతే తర్వాత వీలైనంత త్వరగా నడిపించే ఆప్షన్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఉంది, అదీ ఆన్ చేయలేదు. లాస్ట్ రన్ టైమ్, అంటే చివరిసారి స్కాన్ నడిచిన టైమ్ చూస్తే తొమ్మిది రోజుల క్రితం తేదీ. యాప్ హోమ్ పేజీలో మాత్రం పచ్చ టిక్, మీ కంప్యూటర్ సురక్షితం అని.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. స్కాన్ తప్పిపోవడం జరుగుతుంది, అర్థం చేసుకుంటాను. తప్పిపోయిందని చెప్పాలి కదండీ! స్పైవేర్ చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. కొట్టే ప్రతి కీనీ రాసుకుని బయటికి పంపేవీ ఉంటాయి. అక్కలాంటి వాళ్లు ఆ పచ్చ టిక్ చూసే ధైర్యంగా బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు.

2005లో నేను నెల్లూరులో ఒక నెట్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. అప్పుడు స్పైబాట్, యాడ్-అవేర్ అనే యాంటీ స్పైవేర్లు వాడేవాళ్లం. మైక్రోసాఫ్ట్ 2004 డిసెంబర్‌లో జెయింట్ అనే కంపెనీని కొని, తర్వాతి నెలలోనే యాంటీ స్పైవేర్ బీటా, అంటే ట్రయల్ వెర్షన్ వదిలింది. అదే తర్వాత విండోస్ డిఫెండర్ అయింది. ఆ బీటా కూడా వేసుకున్నాం. ఆదివారం పొద్దున్నే షట్టర్ తీసి, పన్నెండు సిస్టమ్స్‌లో ఒక్కోదాని ముందు కూర్చుని అప్‌డేట్ నొక్కి, స్కాన్ నొక్కి, నోటుబుక్కులో తేదీ రాసేవాణ్ణి. ఏ సిస్టమ్ స్కాన్ అయిందో, ఏది కాలేదో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు డబ్బులు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఆ మాత్రం చెప్పలేకపోతోంది.

ఇంటర్‌ఫేస్ నీట్‌గా ఉంది, ర్యామ్ పెద్దగా తినదు, తెలుగు లేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కంపెనీకి స్క్రీన్‌షాట్లతో మెయిల్ పెట్టాను. తర్వాతి అప్‌డేట్‌లో చూస్తాం అన్నారు. ఆ అప్‌డేట్ వచ్చేదాకా దీన్ని కొనమని నేను చెప్పను. స్కానింగ్ ఎంత బాగున్నా సరే. ఇప్పటికే కొన్నవాళ్లు ప్రతి అప్‌డేట్ తర్వాత టాస్క్ షెడ్యూలర్ తెరిచి, నేను చూపించిన మూడు చోట్లా, అంటే ట్రిగ్గర్స్, కండిషన్స్, సెట్టింగ్స్ ట్యాబ్‌లలో చూసుకోండి.

అక్క కంప్యూటర్‌లో నిన్ననే తీసేశాను. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌కే మధ్యాహ్నం 3 గంటల స్కాన్ పెట్టాను. ఇవాళ 3:10కి వెళ్లి లాస్ట్ రన్ టైమ్ చూశాను. 3:00 అని ఉంది. "ఇంక రాత్రిపూట ఆగదు కదా తమ్ముడూ?" అని అడిగింది. ఎనిమిదిన్నరకి మళ్లీ వచ్చి ఇక్కడే నిలబడతానని చెప్పాను. ఈ వీడియో అయిపోగానే అక్కడికే వెళ్తున్నా.