ఒక బిల్డింగు, ఒక రోజు

మిత్రులారా, నమస్కారం.

డ్యాన్స్ పాప్ అనగానే శనివారం రాత్రి గుర్తొస్తుంది. క్లబ్బు, లైట్లు, తెల్లారేదాకా చిందులు. మరి సోమవారం పొద్దున్నే గుమ్మంలో పాలసీసా అందుకునే మనిషికి ఆ బీటు పనికొస్తుందా? లండన్ బృందం సెయింట్ ఎటియెన్ 2005లో తెచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టర్న్‌పైక్ హౌస్' ఆల్బమ్ వింటే, దివ్యంగా పనికొస్తుందనిపిస్తుంది నాకు.

బాబ్ స్టాన్లీ, పీట్ విగ్స్ చిన్ననాటి స్నేహితులు. గాయని సారా క్రాక్‌నెల్. పేరు ఫ్రెంచి ఫుట్‌బాల్ జట్టుది, ప్రాణం మాత్రం లండన్ మీదే. టర్న్‌పైక్ హౌస్ కూడా ఇస్లింగ్టన్‌లో గోస్వెల్ రోడ్డు మీద నిజంగా ఉన్న బిల్డింగే. అందులో కాపురముండే మనుషుల్ని ఊహించి, పొద్దు పొడిచింది మొదలు 'గుడ్‌నైట్' దాకా ఒక రోజుని పాటలుగా పేర్చారు.

'మిల్క్ బాటిల్ సింఫనీ' చూడండి. ఒక్కో తలుపు తీసినట్టు ఒక్కో మనిషి పేరు, వాళ్ల పొద్దుటి హడావుడి. అంతే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. వాళ్లని కలిపేవి వెనక వినిపించే గొంతులు. గాయకుడు టోనీ రివర్స్, ఆయన కొడుకు ఆంథొనీ అల్లిన బృందగానం అది. 1960లలో కాలిఫోర్నియా ఎండని, అలల్ని పాడిన బాణీని తెచ్చి లండన్ ఫ్లాట్ల మెట్ల మీద కూర్చోబెట్టారు. గోడకవతల ఎవరుంటారో పట్టని మనుషుల కథకి, ఒకరి గొంతు ఆసరాగా మరొకరు పాడే సంగీతం! నన్నడిగితే ఆల్బమ్ ఆయువుపట్టు ఇదే.

కథ కోసం మాత్రం వెతక్కండి. గ్యారీ స్టెడ్ అనే పాత్ర పబ్బులో, 'లాస్ట్ ఆర్డర్స్' వేళకి, అంటే మూసేముందు ఆఖరి గ్లాసు అడగమని కేకేసే వేళకి తేలతాడు. అప్పట్లో ఇంగ్లండు పబ్బులు మామూలుగా రాత్రి 11కే కట్టేసేవాళ్లు. ఆల్బమ్ జూన్‌లో వస్తే, ఆ కట్టుబాటు అదే ఏడాది నవంబరులో సడలింది. ఇక 'సైడ్ స్ట్రీట్స్'లో ఒకామె సందుల్లోంచి నడుస్తుంది. ఏమైనా జరిగితే రేపెప్పుడో, ఇవాళ కాదులే అన్న ధీమా. 'బర్డ్‌మ్యాన్' వస్తే నేను దాటేస్తాను, అది నా గొడవ.

'రీలొకేట్'లో సారాతో డేవిడ్ ఎసెక్స్ గొంతు కలిపాడు. 1970ల పాప్ తార, పుట్టుకతో లండనువాడు. ఊరవతలికి మకాం మార్చేద్దామని ఒకరు, ససేమిరా అని మరొకరు. మొగుడూ పెళ్లాల తగవు నడుస్తుంటుంది, కింద బీటు ఆగదు. ఇప్పుడదే వేస్తున్నాను. ముందు డ్రమ్స్ వినండి, మాటలు తర్వాత. కాలు ఆడిందో లేదో మీరే చెప్పండి.